ట్రాన్‌స్క్రిప్ట్‌లో 570 పడితే రిఫండ్ పోయినట్టేనా?

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద వచ్చాయి, అమెరికా నుంచి రావలసిన పన్ను రిఫండ్ ఆగిపోవడం. అందుకే మిగతా పన్ను ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఉంచి, చోటంతా వీటికే ఇస్తున్నాను. తిరుపతిలో, చిత్తూరులో ఏ వీధిలో చూసినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. చదువుకని వెళ్లి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి వెనక్కి వచ్చినవాళ్లూ ఇప్పుడు తక్కువేం లేరు. అక్కడ కట్టిన పన్నులో తిరిగి రావలసిన డబ్బు రాక, ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఆన్‌లైన్‌లో చూపే ఖాతా పట్టీ, అంటే ట్రాన్‌స్క్రిప్ట్‌లో, ఎవరూ వివరించని కోడ్ అంకెలు మాత్రం కనిపిస్తుంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేసి, ఓపీటీ (విద్యార్థి వీసా మీదే ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద డల్లాస్‌లో ఉద్యోగం చేశాడు. ప్రాజెక్టు అయిపోయి వెనక్కి వచ్చేశాడు, ఇప్పుడు తిరుపతిలో మా దగ్గరే ఉన్నాడు. ఫిబ్రవరిలోనే 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్లు వేసే అమెరికా పన్ను రిటర్న్) ఆన్‌లైన్‌లో ఫైల్ చేశాడు. జూన్ వచ్చినా డబ్బు పడలేదు. ట్రాన్‌స్క్రిప్ట్ తీస్తే 150 ఎదురుగా 3,180 డాలర్లు, 806 ఎదురుగా మైనస్ 5,420, దాని కింద 570, 971 అని సున్నాలతో ఉన్నాయి. 570 పడిందంటే ఆడిట్‌లో పెట్టినట్టేనని బంధువులు భయపెడుతున్నారు. ఇరవై వేలు ఇస్తే ఆ కోడ్ తీయిస్తామని ఒకాయన ఫోన్ చేశాడు, వాడి లాగిన్ కూడా అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?
— ఒక తండ్రి, తిరుపతి

జవాబు: ఇవ్వకండి. రూపాయి కూడా ఇవ్వకండి, లాగిన్ అసలే ఇవ్వకండి. ఆ ఖాతాలో కోడ్ వేయాలన్నా తీయాలన్నా ఐఆర్ఎస్ ఒక్కటే చేయగలదు, బయటివాళ్లకు అందులో చెయ్యి పెట్టే దారి లేదు. ఐఆర్ఎస్ ఖాతా తెరిచే మీవాడి ఐడీ.మీ లాగిన్ చేతికిస్తే పన్ను వివరాలు, జీతం వివరాలు, అడ్రసు అన్నీ ఇచ్చేసినట్టే. ఆ వివరాలతో వచ్చే ఏడాది వాడి పేరుమీద దొంగ రిటర్న్ వేసి రిఫండ్ కొట్టేసేవాళ్లు ఉంటారు.

ఇక ఆడిట్ సంగతి. ఆడిట్‌కి తీసుకుంటే 420 పడుతుంది, ఆడిట్ విభాగం చూడ్డానికి అడిగితే 424 పడుతుంది. మీరు రాసిన వాటిలో ఆ రెండూ లేవు.

ట్రాన్‌స్క్రిప్ట్ చదవడం బ్యాంకు పాస్‌బుక్ చదివినంత తేలిక కాదు, ముఖ్యంగా మైనస్ గుర్తు దగ్గర అందరూ తికమక పడతారు. అక్కడ మైనస్ అంటే మీవాడి వైపు జమ. 150 అంటే రిటర్న్ చేరింది, దాని ప్రకారం ఆ ఏడాదికి పన్ను 3,180 డాలర్లు అని తేల్చారు. 806 అంటే యజమాని జీతంలోంచి ముందే పట్టుకుని కట్టిన పన్ను, అది 5,420. రెంటికీ తేడా 2,240, పైన అకౌంట్ బ్యాలెన్స్ దగ్గర మైనస్ గుర్తుతో అదే ఉండి ఉండాలి. అంటే అంత డబ్బు మీవాడికి రావాలని వాళ్ల లెక్కలోనే రాసుంది. మీ ఉత్తరంలో నాకు ఊరట అనిపించిన సంగతి ఇదే, మీరు దీన్ని గమనించినట్టు లేరు. 806 పక్కన ఏప్రిల్ 15 అని తేదీ ఉంటే కంగారు పడొద్దు, పట్టుకున్న పన్నునంతా ఆ గడువు తేదీతోనే చూపిస్తారు. పైన 'యాజ్ ఆఫ్' అని ఇంకో తేదీ ఉంటుంది, చాలామంది అది డబ్బు పడే రోజు అనుకుని ఎదురుచూస్తారు. వడ్డీ, పెనాల్టీ ఏమైనా ఉంటే ఏ రోజు వరకు లెక్కేశారో చెప్పే తేదీ అది, రిఫండ్‌తో దానికి సంబంధం లేదు.

570 అంటే ఈ ఖాతా మీద ఇంకా ఏదో పని మిగిలి ఉంది, అది తేలేదాకా డబ్బు వదలం అని. తిరుపతిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటులో కూర్చోబెట్టినట్టు. టికెట్ రద్దు కాలేదు, గేటు తీయలేదు, అంతే. ఆ పని ఏమిటో మాత్రం కోడ్ చూసి చెప్పలేం. యజమాని పంపిన డబ్ల్యూ-2కి (జీతం, పట్టిన పన్ను చూపే ఫారం), మీవాడు వేసిన అంకెకి పొంతన చూస్తుండొచ్చు, లెక్కలో తేడా వచ్చి సరిచేస్తుండొచ్చు. యూనివర్సిటీ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1042-ఎస్ ఫారంతో పన్ను పట్టి ఉంటే అది సరిచూసుకోవడానికే 6 నెలల దాకా పడుతుందని ఐఆర్ఎస్ ముందే చెబుతుంది. ఆ 6 నెలలు ఫైల్ చేసిన రోజు, గడువు తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతైతే దాని నుంచి లెక్క. మీవాడు ఫిబ్రవరిలో వేసినా లెక్క ఏప్రిల్ 15 నుంచే మొదలవుతుంది, అంటే అక్టోబరు మధ్య వరకూ పోవచ్చు. మీవాడికి 1042-ఎస్ వచ్చిందో లేదో ముందు అడగండి, జవాబులో సగం అక్కడే ఉంది. మామూలుగా ఈ-ఫైల్ చేసినవి 21 రోజుల్లో వస్తాయని అందరూ అనే మాట నిజమే కానీ 570 పడ్డాక ఆ లెక్క పట్టుకుని కూర్చుంటే మనశ్శాంతి పోతుంది తప్ప లాభం లేదు.

మీ విషయంలో అసలు చూడాల్సింది 971. నోటీసు పంపాం అని దాని అర్థం. ఎందుకు ఆపారో, మీవాడు ఏమైనా పంపాలో, ఊరికే ఆగితే చాలో ఆ కాగితం మీద ఉంటుంది. అది రిటర్న్‌లో రాసిన అడ్రసుకే వెళ్తుంది, అంటే డల్లాస్‌లో ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి! వెనక్కి వచ్చినవాళ్ల రిఫండ్లు నెలల తరబడి ఆగడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. అక్కడ ఉత్తరం ఎవరి చేతిలోనో పడి ఉంటుంది, ఇక్కడ వీళ్లు రోజూ ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి 570ని చూస్తుంటారు. కాబట్టి ఈ రోజే మీవాణ్ణి ఐఆర్ఎస్ ఆన్‌లైన్ ఖాతాలో నోటీసుల విభాగం తెరవమనండి, కొన్ని నోటీసులు అక్కడే దొరుకుతాయి. దొరక్కపోతే డల్లాస్‌లో ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో కనుక్కుని ఉత్తరం ఫొటో తీసి పంపమనండి. అడ్రసు మార్చడానికి 8822 అనే ఫారం ఉంది, దాన్ని నింపి పోస్టులో పంపాలి. ఇక్కడి తిరుపతి అడ్రసు పిన్‌కోడ్‌తో సహా ఇవ్వొచ్చు.

వచ్చిన నోటీసు సీపీ05 అయితే, సరిచూస్తున్నాం, 60 రోజులు ఆగండి అని ఉంటుంది, మీరేమీ పంపక్కర్లేదు. ఆ 60 రోజులూ నోటీసు మీది తేదీ నుంచి లెక్కపెట్టండి. అవి దాటినా డబ్బు గానీ కబురు గానీ లేకపోతే ఫోన్ చేయండి. విదేశాల నుంచి చేసేవాళ్లకు 267-941-1000 అనే నంబరుంది, ముందు అమెరికా కోడ్ కలపాలి, ఉచిత కాల్ కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వాళ్ల తూర్పు టైము ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు ఎత్తుతారు, వేసవిలో అయితే అది మనకు మధ్యాహ్నం మూడున్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర వరకు. మీవాడే మాట్లాడాలి. మీరు తండ్రినని చెప్పినా వాళ్లు ఒక్క వివరం చెప్పరు, అది వాళ్ల రూలు. వాడికి నిజంగా కుదరకపోతే 8821 ఫారం నింపి మీకు వివరాలు చూసే అనుమతి ఇవ్వొచ్చు.

పని తేలితే 571 గానీ 572 గానీ పడుతుంది, ఆ వెనకే 846 వస్తుంది. 846 ఒక్కటే డబ్బు పంపాం అని చెప్పే కోడ్, దాని పక్కనున్నదే డబ్బు పంపే తేదీ. ఒక్కోసారి మధ్యలో 776 కూడా కనిపిస్తుంది, ఆలస్యానికి వాళ్లు కలిపే వడ్డీ అది. గడువు తేదీ నుంచి 45 రోజులు దాటాక ఇస్తే వడ్డీ కలపాలి. ముందే ఫైల్ చేసినవాళ్లకు కూడా ఏప్రిల్ 15 నుంచే ఆ 45 రోజులు లెక్కేస్తారు.

ఇంకొక్కటి. 150 వరుసలో సైకిల్ అని 8 అంకెల నంబరు ఉంటుంది, ఉదాహరణకు 20251105 అనుకోండి, 2025లో 11వ వారం, చివరి 05 అంటే గురువారం. వాళ్ల వారం శుక్రవారంతో మొదలై గురువారంతో ముగుస్తుంది. చివర 05 ఉన్న ఖాతాలు సాధారణంగా వారానికి ఒకసారే కదులుతాయి. కాబట్టి మీవాడిది 05 అయితే శుక్రవారం ఒకసారి చూసుకుంటే చాలు, రాత్రిళ్లు మేలుకుని మళ్లీ మళ్లీ తెరవక్కర్లేదని వాడికి చెప్పండి.

ప్రశ్న: మా ఆయన హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద న్యూజెర్సీలో పనిచేసి పోయినేడు చిత్తూరు వచ్చేశారు. రిటర్న్ ఇక్కడి అడ్రసుతోనే వేశాం. ఇప్పుడు పోస్టులో 5447సి అని ఉత్తరం వచ్చింది, మీరెవరో రుజువు చేసుకోమంటున్నారు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో 150 కూడా లేదు, ఏమీ లేదు. ఇది నిజం ఉత్తరమేనా? ఆన్‌లైన్ మోసాలు చూసి దేన్నీ నమ్మబుద్ధి కావడం లేదు.
— ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: అనుమానపడటం మంచిదేనమ్మా. పోస్టులో కాగితం మీద వచ్చిందంటున్నారు కాబట్టి నిజమైనదే అయ్యుండొచ్చు. వాట్సాప్‌లోనో ఈమెయిల్ లింకుతోనో వచ్చి ఉంటే తీసిపారేయమనేదాన్ని. ఐఆర్ఎస్ మొదటి కబురు పోస్టులోనే పంపుతుంది. అయినా ఉత్తరం మీదున్న నంబరును ఐఆర్ఎస్ అసలు వెబ్‌సైట్లో ఆ ఉత్తరం పేరుతో ఉన్న పేజీతో పోల్చుకున్నాకే ఫోన్ చేయండి.

అమెరికా అడ్రసు ఉన్నవాళ్లకు ఇలాంటి పనికి 5071సి వస్తుంది, విదేశీ అడ్రసు ఉన్నవాళ్లకు 5447సి వస్తుంది. మీవారి పేరుతో వేరెవరైనా రిటర్న్ వేశారేమోనని చూసుకోవడం దీని ఉద్దేశం, మీవారి మీద నేరం మోపడం కాదు. గుర్తింపు తేలేదాకా రిటర్న్‌ని లోపలికే తీసుకోరు, అందుకే 150 పడలేదు. ఖాళీగా ఉందని మళ్లీ ఇంకో రిటర్న్ మాత్రం వేయొద్దు. రెండోది చేరితే 976 అని డూప్లికేట్ కోడ్ పడి, ఉన్న చిక్కుకి ఇంకో చిక్కు తోడవుతుంది.

ఫోన్‌కి కూర్చునే ముందు ఆ ఉత్తరం, ఈ ఏడాది రిటర్న్, అంతకు ముందు ఏడాది రిటర్న్, డబ్ల్యూ-2లు దగ్గర పెట్టుకోమనండి. పాత రిటర్న్‌లోని అంకెలు అడుగుతారు, తడుముకుంటే పని ఆగుతుంది. గుర్తింపు అయ్యాక కూడా 9 వారాల వరకు పట్టొచ్చని వాళ్లే చెబుతారు. ఈలోగా 150, 806 పడటం మొదలైతే కథ కదిలినట్టు. ఆ తర్వాత వేరే కారణంతో 570 పడే వీలు కూడా ఉంది, పడితే పై జవాబు చదవండి.

ప్రశ్న: నా ట్రాన్‌స్క్రిప్ట్‌లో 846 వచ్చి నెల దాటింది. డబ్బు మాత్రం రాలేదు. ఇండియాకి వచ్చేటప్పుడు అక్కడి బ్యాంకు ఖాతా మూసేశాను, రిటర్న్‌లో ఇచ్చింది అదే. ఇక్కడి నా ఎన్ఆర్ఓ (ఎన్ఆర్ఐలకు మన బ్యాంకులిచ్చే) ఖాతాకి పంపమని అడగొచ్చా?
— ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: కుదరదు. ఐఆర్ఎస్ నేరుగా వేసేది అమెరికా బ్యాంకు ఖాతాలోకే, మన ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ ఖాతాలకు ఆ దారి లేదు. మూసిన ఖాతాకి వెళ్లిన డబ్బు బ్యాంకు నుంచి వాళ్లకే తిరిగి వెళ్తుంది, వెళ్లాక ట్రాన్‌స్క్రిప్ట్‌లో 841 పడుతుంది. 841 ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఉంటే డబ్బు భద్రంగా వాళ్ల దగ్గరే ఉంది. లేకపోతే ముందు పాత బ్యాంకుతో మాట్లాడండి, వాళ్ల దగ్గరా లేదంటే 3911 ఫారంతో ఐఆర్ఎస్‌ని ఆ డబ్బు జాడ తీయమని అడగాలి.

ఇదివరకు ఇలా తిరిగొస్తే కాగితం చెక్కు పంపేవాళ్లు. 2025 సెప్టెంబరు 30 నుంచి వ్యక్తులకు ఇచ్చే రిఫండ్లలో ఆ చెక్కుల్ని క్రమంగా ఆపేస్తున్నారు కాబట్టి చెక్కు వస్తుందిలే అని కూర్చోకండి. అడ్రసు సరిచేసుకుని, వచ్చే నోటీసులో కొత్త ఖాతా వివరాలు ఏ గడువులోపు ఎలా ఇవ్వమన్నారో అలా ఇవ్వండి. చెక్కే వచ్చినా ఇక్కడి బ్యాంకులో అమెరికా చెక్కు మార్చుకోవడం పెద్ద పని, కొన్ని శాఖలు తీసుకోవడానికే ఇష్టపడవు.

అమెరికా నుంచి వచ్చేయడానికి సిద్ధమవుతున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్కటే నా కోరిక. చివరి రిఫండ్ చేతికి వచ్చేదాకా అక్కడి ఖాతా ఒకటి ఉంచండి. ఈ ఒక్క పని చేసి ఉంటే ఈ రేణిగుంట పాఠకుడికి ఇంత తిరుగుడు ఉండేది కాదు.

ప్రశ్న: అమెరికా రిఫండ్ 1,900 డాలర్లు రావాలి, 1,150 వచ్చింది. ఎవరిని అడగాలి?
— పలమనేరు

జవాబు: ముందు ట్రాన్‌స్క్రిప్ట్‌నే అడగండి. 826 ఉంటే వేరే ఏడాదికి మీరు ఐఆర్ఎస్‌కి బాకీ ఉన్న పన్నులోకి సర్దుకున్నారు. 898 ఉంటే ఐఆర్ఎస్‌ది కాని బాకీకి పోయింది, రాష్ట్ర పన్ను బాకీ లాంటిది. 290 ఎదురుగా అంకె ఉంటే అదనంగా పన్ను వేశారు, 290 ఎదురుగా సున్నా ఉంటే ఏమీ వేయలేదు. ఇవేవీ లేకుండా 150 ఎదురుగానే మీరు వేసినదానికంటే ఎక్కువ పన్ను ఉంటే రిటర్న్‌లో లెక్క మార్చారని, దానికి సీపీ12 నోటీసు వస్తుంది. ఒప్పుకోకపోతే 60 రోజుల్లోపు చెప్పాలి.

ఇక్కడ మనవాళ్లకు తరచూ తగిలే చిక్కు ఒకటుంది. 1040-ఎన్ఆర్ వేసే విదేశీయులకు స్టాండర్డ్ డిడక్షన్ ఇవ్వరు, కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21(2) కింద మన విద్యార్థులకు అది దొరుకుతుంది. ఆ ఒప్పందం మాట రిటర్న్‌లో రాయకపోతే ఆ మినహాయింపు కొట్టేసే ప్రమాదం ఉంది. మీరు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉండి ఇలా జరిగితే నోటీసుకి జవాబుగా ఆ ఆర్టికల్ పేరు చెప్పి అడగండి, అది మీ హక్కు. హెచ్-1బీ మీద ఉండి ఎన్ఆర్ వేస్తే మాత్రం ఇది వర్తించదు.

ప్రశ్న: మా నాన్నగారి పింఛను మీద కోసిన టీడీఎస్ రిఫండ్ కూడా రాలేదు. మన ఇన్‌కమ్ ట్యాక్స్‌కి కూడా ఈ కోడ్లే ఉంటాయా?
— పుత్తూరు

జవాబు: ఉండవు. మనకు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోనే మాటల్లో స్టేటస్ కనిపిస్తుంది. నాన్నగారి బ్యాంకు ఖాతా ప్రీ-వాలిడేట్ అయిందా, రిటర్న్ ఈ-వెరిఫై చేశారా అన్న రెండూ ముందు చూడండి, పెద్దవాళ్ల రిఫండ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. తర్వాత బెంగళూరు సీపీసీ (రిటర్న్‌లు ప్రాసెస్ చేసే కేంద్రం) నుంచి 143(1) ఇంటిమేషన్ వచ్చిందా, పాత బాకీకి సర్దుతామని 245 నోటీసు ఏమైనా వచ్చిందా అని ఈమెయిల్‌లో వెతకండి.

ప్రశ్న: ఓపీటీలో ఉన్నప్పుడు నా జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కూడా కోశారు. 1040-ఎన్ఆర్ వేశాను కానీ ఆ డబ్బు రిఫండ్‌లో లేదు, ట్రాన్‌స్క్రిప్ట్‌లోనూ ఏ కోడ్ ఎదురుగా కనిపించడం లేదు. పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పోలేదు, కానీ అది ఈ దారిలో రాదు. 806లో కనిపించేది ఆదాయపు పన్ను కింద పట్టుకున్నది మాత్రమే. ఎఫ్-1 మీద వెళ్లినవాళ్లు మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు నాన్‌రెసిడెంట్లుగా ఉంటారు కాబట్టి, ఓపీటీలో చేసిన ఉద్యోగానికి సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోయకూడదు. రెండూ కలిపితే జీతంలో 7.65 శాతం, ఏడాది జీతం మీద లెక్కేసి చూడండి ఎంతవుతుందో! ఇది తెలియక వదిలేసుకుని వచ్చేస్తున్న పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు పాత కంపెనీ పేరోల్ వాళ్లకు రాసి తిరిగి ఇమ్మనండి. వాళ్లు కుదరదంటే ఆ మాట కాగితం మీద తీసుకుని, 843 ఫారం, దానితో 8316 ఫారం నింపి, డబ్ల్యూ-2, పాస్‌పోర్టులో వీసా పేజీ, ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన విద్యార్థి పత్రం), ఈఏడీ (ఉద్యోగ అనుమతి) కార్డు నకళ్లు జతచేసి ఐఆర్ఎస్‌కి పోస్టులో పంపాలి. ఇది ఆన్‌లైన్‌లో కుదిరే పని కాదు, తిరుపతి నుంచి పంపితే ట్రాకింగ్ ఉండే స్పీడ్ పోస్టులో పంపండి. ఏ ఏడాది జీతంలో కోశారో ఆ తర్వాతి ఏప్రిల్ 15 నుంచి 3 ఏళ్ల లోపు అడగాలి. మీ డబ్ల్యూ-2 ఏ ఏడాదిదో చూసి, గడువు దగ్గర పడుతుంటే కంపెనీ జవాబు కోసం ఎక్కువ రోజులు ఆగకుండా, వాళ్లను ఎప్పుడు అడిగారో మీరే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి, దాన్ని జతచేసి పంపేయండి.